చచ్చి లేచే రాణి

మా ఇంట్లో ఫ్లాస్కు మూత కనబడటం లేదు. మూత లేని ఫ్లాస్కు కన్నా చెంబు నయం, కనీసం తాను ఫ్లాస్కునని చెప్పుకోదు. మనవరాలిని అడిగితే తెలియదంది. కోడలిని అడిగితే, ఇంట్లో గ్యాసు పొయ్యి ఉండగా ఫ్లాస్కు ఎందుకని ఎదురు అడిగింది. నిజమే. కానీ ఊరూరా తిరిగి నాటకాలు నేర్పిన మనిషికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో వేడినీళ్లు ఉండాలి. గొంతు కోసం కాదు, గొంతు ఎప్పుడో పోయింది. ఎవరైనా పద్యం పీక పిసుకుతున్నప్పుడు వెంటనే నోరు జారకుండా ఒక గుటక వేయడానికి. ఈ వృత్తిలో నాకు ఓర్పుగలవాడని పేరు వచ్చింది. ఆ పేరు రావలసింది ఫ్లాస్కుకు.

కొత్తగా ఈ పనిలోకి దిగిన పిల్లలు కొందరు మొన్న వచ్చి, మీ అనుభవం రాసిపెట్టండి అన్నారు. సన్మానాల సంగతి రాయను. శాలువాలన్నీ ఒకటే రకం, అన్నీ మండు వేసవిలోనే కప్పుతారు. నాకు చెప్పాలని ఉన్నది వేరే ఉంది. ఉద్యోగరీత్యా నేను రాణులను చంపి బతికాను. దాని గురించి రాస్తాను.

*చేసిన పని*

బెంగుళూరులో బి.ఏ. చదివాను. ఇంగ్లీషు విషాద నాటకాలు ప్రత్యేకంగా చదివాను. ఆ చదువుకు హోసూరు తాలూకా ఆఫీసులో గుమాస్తా పని దొరికేది. నేను నాటకం నేర్పే వాద్యారునయ్యాను. మా నాన్న చివరిదాకా నన్ను బంధువులకు "మావాడు ఉద్యోగం వెతుక్కుంటున్నాడు" అనే పరిచయం చేశాడు. అప్పటికి నాకు పిల్లలు బడికి పోతున్నారు.

పని ఏమిటంటే, రాగి కోతలు అయిపోయాక ఏదో ఒక ఊరు కబురు పెడుతుంది. పోయి ఆ ఊళ్లోనే ఉండాలి. పగలంతా మడి దున్ని, ఎద్దులతో కపిల తోలి బావినీళ్లు తోడి, రాళ్లు మోసి వచ్చినవాళ్లకు సాయంత్రం పద్యాలు నేర్పాలి. ఊరు ఊత్తంగరై పక్కన కావచ్చు, మత్తూరు పక్కన కావచ్చు, అప్పట్లో అంతా సేలం జిల్లానే. మావాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సంతలో తమిళం, ఎద్దులతో కన్నడం. ఎద్దులతో మాట్లాడినంత స్పష్టంగా వేదిక మీద మాట్లాడించడమే వాద్యారు పని.

ఎవరికి ఏ వేషం అన్నది వాద్యారు తేలుస్తాడని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఖర్చు పెట్టుకున్న ఇంటివాళ్లకే రాజు వేషం. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ చెప్పరు, ఎవరూ తప్పరు. ఒక ఊళ్లో నత్తి ఉన్న రాజును తయారు చేశాను. అతను తీర్పు చెప్పేలోపు దోషి దొడ్డికి పోయి వచ్చాడు. రాజును మార్చమని అడగకండి. పక్కన ఉన్న మంత్రికి నాలుగు మాటలు ఎక్కువ ఇవ్వండి. ప్రభుత్వాలు కూడా అట్లాగే నడుస్తాయి.

*తప్పు ఒకరిది, చావు ఒకరిది*

మా ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఒకే నాటకం అడిగేవారు. దాన్ని అందరూ పెద్ద నాటకం అనేవారు. ఎవరు రాశారో తెలియదు. చేతిరాత ప్రతి ఒకటి మా గురువు ఇచ్చాడు, ఆయనకు వాళ్ల గురువు ఇచ్చాడు.

కథ ఇంతే. రాజుకు ఒక తమ్ముడు. ఆ తమ్ముడు రాణి మీద ఒక మాట చెబుతాడు. రాజు నమ్ముతాడు. రాణిని పిలిచి ఒక్క మాట అడగడు, నరికించమంటాడు. రాణి కూడా ఒక్క మాట అడగదు. తలారుల వెంట నడిచిపోతూ భర్త క్షేమం కోరి పద్యాలు పాడి, చనిపోతుంది. అప్పుడు నిజం బయటపడుతుంది. రాజు ఏడుస్తాడు, రాణి కన్నా ఎక్కువ పద్యాలు పాడతాడు. దేవత దిగివచ్చి రాణిని లేపుతుంది. చచ్చినప్పుడు పాత తాళి తెగిపోయింది కనుక రాజు కొత్త తాళి కడతాడు. మంగళం. అందరూ ఇళ్లకు పోయి రాగి ముద్ద తింటారు.

ఇది మా మూల ఉన్న మోటు నాటకం అని చిన్నచూపు చూడకండి. కాలేజీలో నేను చదివిన గొప్ప విషాద నాటకాలూ ఇంతే. ఓడలు కదలడానికి గాలి కావాలని తండ్రి కూతురిని బలి ఇస్తాడు. ఒక చేతిగుడ్డ కనబడలేదని భర్త భార్య పీక పిసుకుతాడు. మా వైపు రాజులు జూదంలో పెళ్లాన్ని ఒడ్డుతారు, లేకపోతే ఆడిన మాట నిలబెట్టుకోవడానికి ఆమెను అంగట్లో నిలబెడతారు. సముద్రానికి అటూ ఇటూ ఒకటే కొలత: తప్పు మగవాడిది, చావు ఆడదానిది, మంచి పద్యం మళ్లీ మగవాడిదే. మా ప్రొఫెసరు దీన్ని నాయకుని పతనం అనేవాడు. పతనమైనవాడు చివరిదాకా నిలబడే ఉండేవాడు, పడిపోయి ఉండేది ఆమె. నేను పరీక్షలో నాయకుని పతనం అనే రాసి పాసయ్యాను.

*కమ్మరి రాణి*

మొదటి ఏళ్లలో ఆడ వేషాలన్నీ మగవాళ్లే కట్టేవారు. నాకు దొరికిన గొప్ప రాణి మునెంకటప్ప. శూళగిరి దగ్గర కమ్మరి. సమ్మెట కొట్టే చేతులు. రవిక కుట్టినవాడు ఏ ధైర్యంతో కుట్టాడో గానీ, రాణి రెండు చేతులూ ఎత్తి నమస్కారం చేసినప్పుడల్లా చంకల్లో కుట్లు తెగిన చప్పుడు ముందు వరసకు వినబడేది. మీసం తీయడానికి మాత్రం మనసు ఒప్పేది కాదు. ప్రతి ఏడూ బతిమాలాలి.

"రాణికి మీసం ఉంటే బాగుండదు మునెంకటప్పా."

"చచ్చేటప్పుడు కొంగు కప్పుకుంటాను గదా వాద్యారే. ఎవరు చూస్తారు?"

కానీ ఆ మనిషి వేదిక మీదికి వచ్చి ఒక పక్కకు ఒదిగి నిలబడితే, మీసం సంగతి, చేతుల సంగతి ఎవరికీ గుర్తు ఉండేది కాదు. తన ఇంట్లోనే తాను అడ్డం అన్నట్టు నిలబడేవాడు. అది నేను నేర్పింది కాదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే చాలా రోజులు నవ్వి ఊరుకున్నాడు. ఒకరోజు కొలిమి దగ్గర కూర్చున్నప్పుడు చెప్పాడు.

"మా అక్క ఉండె గదా వాద్యారే. మొగుడు వదిలేసినాక మా ఇంటికి వచ్చింది. పదేండ్లు ఉండింది. ఒక్క దినం గూడా గోడకు ఆనుకొని కూసోలేదు. అది మా నాయన గోడంట."

"మీరు ఎవరూ కూర్చోమనలేదా?"

"అన్నాము. 'ఉండనీలే అప్పా' అనేది."

తోలుతిత్తి నొక్కి, నిప్పు వైపు చూస్తూ అన్నాడు: "నేను వేషంలో ఏడవను. ఏడుపు ఆపుకుంటా ఉంటాను. చూసే ఆడోళ్లు నా బదులు ఏడుస్తారు."

ఏడ్చేవారు. రాణి చనిపోయాక తెర వెనక్కి మిరియాల పాలు తెచ్చి, "తాగమ్మా" అని ఇచ్చేవారు. అమ్మా అన్నందుకు ఆయన ఒక్కరోజూ నొచ్చుకోలేదు, వంగి రెండు చేతులతో తీసుకునేవాడు. రాజు వేషం కట్టినవాడి గతి వేరు. మత్తూరు పక్క ఒక ఊళ్లో మా రాజు తెల్లవారి టీ అంగడికి పోతే, అంగడావిడ పొయ్యి ఆర్పేసింది. "నేను నిజం రాజును కాదు తల్లీ" అన్నాడతను. "ఎవరైతే ఏమప్పా, నువ్వు గూడా ఆయమ్మను ఒక మాట అడిగి ఉండొచ్చు గదా" అంది ఆవిడ.

ఇంగ్లీషు విషాదాల మీద నేను విన్న విమర్శల్లో అంత క్లుప్తమైనది ఇంకొకటి లేదు.

*గౌరమ్మ*

తరవాతి ఏళ్లలో ఊళ్లకు ఆడ వేషం ఆడమనిషే కట్టాలని మోజు పుట్టింది. మునెంకటప్పకు నడుము పట్టేయడం మొదలైంది. అతన్ని దేవత వేషానికి మార్చాను. దేవతకు ఒంగే పని లేదు, కపిల తాడుకు కట్టిన ఊయలలో పైనుంచి దిగి, రాణిని లేపి, మళ్లీ పైకి పోవాలి. రాణి వేషానికి కృష్ణగిరి నుంచి గౌరమ్మను పిలిపించాను.

పాతికేళ్లు ఉంటాయి. సన్నని మనిషి, గొంతు మాత్రం పెద్దది. అంతకు ముందు ఊత్తంగరై పక్క ఒక ఇంటి కోడలు. ఒక పెళ్లిలో పాటలు పాడి చీకటి పడ్డాక బండిలో తిరిగి వచ్చిందని మొగుడి అన్న ఏదో మాట అన్నాడు. మొగుడు నమ్మాడు. బండిలో ఎవరు ఉన్నారని కూడా అడగలేదు. బండిలో ఉన్నది పెళ్లికూతురి మేనత్తలు. గౌరమ్మ వివరం చెప్పలేదు. పెద్దమనుషులను పిలిపించి, తాళి తీసి వాళ్ల ముందు తమలపాకు మీద పెట్టి, తల్లి దగ్గరికి వచ్చేసింది. వాళ్ల కులంలో అట్లా పెడితే పెళ్లి తెగిపోయినట్టే. వేషాలు కట్టి తల్లిని పోషిస్తోంది. ఆ ఇంటివాళ్ల పేర్లు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మునెంకటప్ప తన వేషాన్ని ఆమెకు అప్పగించిన తీరు చూడవలసింది. పెళ్లికూతురిని చేసినట్టు చేశాడు. సవరం ఎక్కడ ముడి వేస్తే బరువు తెలియదో, చచ్చి పడ్డాక ఊపిరి ఎట్లా పీల్చుకుంటే కడుపు కదలదో, అన్నీ చూపించాడు.

"పక్కకు తిరిగి పడిపోవాలమ్మా. వెల్లకిలా పడితే దోమ కుడితే తట్టుకోలేవు."

"నీకు కుట్టలేదా అన్నా?"

"కుట్టకేమి! ఒక తూరి చచ్చినాక గోక్కున్నాను. ముందు వరసలో ముసలామె, 'ప్రాణం ఉండాది, ప్రాణం ఉండాది' అని లేచి వచ్చేసింది."

గౌరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తరవాత నన్ను అడిగింది:

"ఈ రాణి ఒక్క మాట గూడా అడగదేమి వాద్యారప్పా?"

"ప్రతిలో లేదమ్మా."

"రాసింది మొగోడా?"

"అయి ఉంటుంది."

"సరిపోయింది" అని పద్యం అందుకుంది.

ఆమె వచ్చాక తాళి దగ్గర ఒక చిక్కు వచ్చింది. మునెంకటప్ప మెడలో ఎంతమంది రాజులు తాళి కట్టారో లెక్కలేదు, ఎవరికీ పట్టలేదు. ఆడమనిషి మెడలో కడితే అట్లా కాదు. వేషమైనా సరే, మేళం మోగుతుండగా పదిమంది చూస్తుండగా కట్టిన తాళి తాళే అని మా వైపు పట్టింపు. రాజు వేషం కట్టిన ఒకతని భార్య ఏకంగా వేదిక పక్కకే వచ్చి కూర్చుంది. అందుకని తాళి బదులు పూలదండ వేయించేవాణ్ణి. దండతో ఏ ఊరికీ పేచీ రాలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెబుతున్నాను: శాస్త్రం ఎక్కడ పట్టుకుంటుందో ఆ చోట ఒక పూలదండ సిద్ధంగా పెట్టుకోండి.

*అత్తిముగం పక్క పల్లె*

ఆ ఏడు అత్తిముగం పక్కన ఒక పల్లె నుంచి కబురు వచ్చింది. ఖర్చంతా తిమ్మరాయప్ప అనే ఆసామిది. కొత్తగా భూమి కొని ఆ ఊరు చేరిన కుటుంబం. రాజు వేషం తన తమ్ముడు నాగరాజుకు అన్నాడు. ఊహించినదే. రాణి వేషానికి కృష్ణగిరి గౌరమ్మనే పిలవాలి, ఇంకెవరూ వద్దు అన్నాడు. ఆమె పేరు అంతదూరం పాకిందని సంతోషించాను.

నాగరాజు మెత్తని మనిషి. పద్యం నేర్పితే నేర్చుకుంటాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. ప్రతి పద్యం అయ్యాక నా వైపు కాకుండా అన్న వైపు చూసేవాడు. వాళ్ల తల్లి ముద్దమ్మ రోజూ ప్రాక్టీసు దగ్గర చాప వేసుకొని కూర్చునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. మునెంకటప్ప రాణి బదులు నిలబడి పద్యం చెబుతుంటే మాత్రం ఆకు నమలడం ఆపేది.

వేషానికి వచ్చే ఆడమనిషి నాటకం రోజే రావడం మా వాడుక. మధ్యాహ్నం బస్సుకు గౌరమ్మ దిగింది. మునెంకటప్ప పెట్టె మోసుకొని వెంట వచ్చాడు. పందిట్లో నాగరాజు అట్ట కిరీటం పెట్టుకొని అద్దంలో చూసుకుంటున్నాడు. ఆమె అక్కడే ఆగిపోయింది. కిరీటం తీయాలో ఉంచుకోవాలో అతనికి తెలియలేదు.

"గౌరీ... బాగుండావా?"

"బాగుండాను. నువ్వా రాజు?"

"అన్న చెప్పినాడు."

"అన్న చెప్పినాక రాజువే."

అప్పటికి నాకు అర్థమైంది. నేను చదువుకున్నవాణ్ణి, అందరి తరవాత అర్థమవుతుంది.

తిమ్మరాయప్ప తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "వాద్యారే, మీరు దండ వేయిస్తారంట గదా. ఈడ వద్దు. ప్రతిలో తాళి అని ఉంటే తాళే కట్టాల. ఊత్తంగరై నుంచి మా పెద్దమనుషులు గూడా వస్తా ఉండారు. ముందు వరసలో కూసుంటారు."

తమలపాకు మీద తాళి తీసుకున్న పెద్దమనుషులే.

"ఆమెను అడిగారా?" అన్నాను.

"ఆడమనిషిని అడిగేది ఏముండాది? మా ఇంటి కోడలు అంగట్లో పాటలు పాడతా ఉంటే మాకేమి మర్యాద? తమ్ముడు గూడా అన్నం సరిగా తినడంలేదు. తాళి పడితే ఇంట్లో ఉంటాది, వేషం గీషం ఉండదు. నేనేమి చెడుపు చేస్తా ఉండానా?"

నిజానికి అతను మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. నేను చూసినంతలో ఏ రాజూ చెడ్డ చేస్తున్నానని చెప్పి చేయలేదు.

వేషాల పాకలో ముగ్గురం కూర్చున్నాం. "పెట్టె తీసుకో అమ్మా, సాయంత్రం బస్సుకు పోదాం" అన్నాను.

"పోతే?" అంది గౌరమ్మ. "గౌరమ్మ ఒప్పుకొని ఎగ్గొట్టింది అంటారు. ఇంక ఏ ఊరు పిలుస్తాది? అమ్మకు కూడు యాడినుంచి తేవాల?"

"పోనీ, రాణి చావుతోనే ఆపేస్తాను. లేపే ఘట్టం తీసేస్తాను."

మునెంకటప్ప తల అడ్డంగా ఊపాడు. "ఒప్పుకోరు వాద్యారే. చావుతో ఆపితే ఊరికి కీడంటారు. మంగళం పడాల్సిందే. పడకపోతే మన కాళ్లు ఇరగ్గొడతారు, ముందర నావి, నేను దేవతను గదా."

నేను ఫ్లాస్కు తీసి గుటక వేశాను.

"కిరీటం పెట్టుకున్న ఆయప్ప చెడ్డోడు కాదన్నా" అంది గౌరమ్మ మునెంకటప్పతో. "చెడ్డోడైతే బాగుండు. ఆ ఇంట్లో ఎవరు ఏమి చెప్పినా తల ఊపతాడు. మళ్లా ఆ ఇంటికి పోతే నేను గూడా ఊపతాను. ఇంక పాట లేదు, నా కూడు నాది కాదు."

"మరి?"

"ఆడతాను. మంగళం గూడా పాడండి. సవరం గట్టిగా కట్టన్నా, జారతా ఉండాది."

మునెంకటప్ప సవరం కట్టాడు. కట్టినంతసేపూ ఆ పెద్ద చేతులు ఆమె తల మీద ఎంత నెమ్మదిగా కదిలాయో చెప్పలేను. నుదుట బొట్టు పెట్టి, కొంచెం వెనక్కి జరిగి చూసి, "మా అక్క మాదిరి ఉండావు" అన్నాడు. వెంటనే, "మా అక్క నల్లగా ఉండేదిలే" అని దిద్దుకున్నాడు.

*తెల్లవారాక*

రాత్రంతా నాటకం బాగా నడిచింది. గౌరమ్మ నడిచిపోతూ పాడిన పద్యాలకు పందిట్లో కొంగులు తడిశాయి. నాగరాజు పాడవలసిన దుఃఖం నేను నేర్పినదానికన్నా బాగా పాడాడు. రెండు చోట్ల ప్రతిలో లేని ఏడుపు కూడా ఏడ్చాడు. ఏ ప్రాక్టీసులోనూ రాని గొంతు ఆ పొద్దు వచ్చింది. అది అన్న నేర్పింది కూడా కాదు.

లేపే ఘట్టాన్ని ఎప్పుడూ సూర్యోదయానికి కుదుర్చుకుంటాం. పెట్రోమాక్స్ దీపాలు వెలవెలపోతున్నాయి. ఎండ పందిరి మీదికి పాకుతోంది. గిలక కిర్రుమంటూ మునెంకటప్ప పైనుంచి దిగాడు. హార్మోనియం మంగళానికి శ్రుతి పట్టింది. ముందు వరసలో పెద్దమనుషులు తువ్వాళ్లు సర్దుకున్నారు. తిమ్మరాయప్ప పసుపుతాడు ఉన్న తట్ట తెచ్చి తమ్ముడి చేతికి ఇచ్చాడు.

"లే తల్లీ, పతివ్రతా, లే" అన్నాడు దేవత.

రాణి లేవలేదు.

పద్యం వినబడలేదేమోనని మునెంకటప్ప మళ్లీ పాడాడు, కొంచెం పైకి. లేవలేదు. నేను తెర పక్కనుంచి, "గౌరమ్మా, లేచే చోటు" అని మాట అందించాను. ఆమె పక్కకు తిరిగి పడుకున్న తీరు, మునెంకటప్ప నేర్పిన తీరే, కడుపు కూడా కదలడం లేదు. ఒక్క క్షణం నాకు భయం వేసింది.

ఊయల ఇంకొంచెం కిందికి దిగింది. మునెంకటప్ప వంగలేడు గనుక కాలి బొటనవేలితో ఆమె భుజం తాకాడు.

"లెయ్యమ్మా" అన్నాడు గుసగుసగా.

"లెయ్యను."

"నేను దేవతనమ్మా."

"అయితే నువ్వే కట్టించుకో అన్నా. నీకు అలవాటే గదా."

మునెంకటప్ప నా వైపు చూశాడు. నేను ఫ్లాస్కు వైపు చూశాను. అతను గంభీరంగా చెయ్యి ఎత్తి, ప్రతిలో లేని మాట ఒకటి సభకు చెప్పాడు: "ఈ తల్లికి ప్రాణం రావాలంటే ఈ తల్లికే ఇష్టం పుట్టాల." చెప్పి ఊయలలో సర్దుకొని కూర్చున్నాడు. రవిక కుట్టు ఒకటి తెగింది.

హార్మోనియం అదే వరస మళ్లీ మళ్లీ వాయించింది. పిల్లలు నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు. వాళ్లు ముందుకు జరిగి చూస్తున్నారు.

నాగరాజు తట్ట పట్టుకొని ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "గౌరీ, ఎండ వస్తా ఉండాది. అందరూ చూస్తా ఉండారు."

ఆమె కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. తెర పక్క ఉన్న నాకు వినబడింది.

"బండిలో ఎవరుండారని ఆ పొద్దు అడిగినావా? వస్తావా అని ఈ పొద్దు అడిగినావా?"

అతను అన్న వైపు చూడకుండా తట్టను కింద పెట్టేశాడు. కిరీటం తీసి దాని పక్కన పెట్టాడు.

"కట్టరా! పడుకోనుంటే ఏమి, మెడ ఉండాది గదా!" అని కిందనుంచి అరిచాడు తిమ్మరాయప్ప.

పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అది కుదరదప్పా. దేవత లేపినాక లేస్తేనే కట్టేది. శవానికి తాళి కట్టినట్టు అవుతాది. కట్టినోడికి మంచిది కాదు."

"శవమేంది? ఊపిరి తీస్తా ఉండాది!"

"ప్రతిలో చచ్చింది గదా. ప్రతి ప్రకారం కట్టాలని నువ్వే అంటివి."

నవ్వులు లేచాయి. తిమ్మరాయప్ప ముఖం కందిపోయింది. తువ్వాలు భుజాన వేసుకొని వేదిక ఎక్కాడు. "రెక్క పట్టుకొని నేను లేపుతాను" అన్నాడు. నేను తెర పక్కనుంచి బయటికి వచ్చాను. వచ్చి ఏమి చేసేవాణ్ణో నాకు తెలియదు. మునెంకటప్ప ఊయల దిగుతున్నాడు, నడుము పట్టుకొని. తిమ్మరాయప్ప ఆమె మీదికి వంగాడు. గౌరమ్మ రెండు చేతుల పిడికిళ్లూ బిగుసుకున్నాయి, కళ్లు మాత్రం మూసుకునే ఉన్నాయి.

ముందు వరస పక్కన ముద్దమ్మ చాప మీదినుంచి లేచింది. నోట్లో ఆకు ఊసేసింది. రాత్రంతా, ఆ మాటకొస్తే ప్రాక్టీసు నాళ్లంతా, ఆమె నోరు విప్పలేదు; ఆమె గొంతు ఎట్లా ఉంటుందో ఊళ్లో సగంమందికి తెలియదు.

"చేతులు తియ్యిరా" అంది పెద్దకొడుకుతో. "చచ్చినాక గూడా దాన్ని లేపి మన ఇంటికే పంపాలనా? పండుకోనీ."